ఆరని సీసాలు

ఫిబ్రవరి 3

ఈరోజు బోర్డు మీద నా అంకె చెరిపేశారు.

నాలుగేళ్ళ రెండు నెలలు ఉంది అక్కడ. సున్నా పాయింట్ సున్నా రెండు. సారు ఎర్ర మార్కరుతో రాసి, కింద గీత కూడా గీసి, "ఈ పాలిమర్‌తో ఇంతకంటే రాదు" అన్న రోజు నాకింకా గుర్తుంది. ల్యాబ్‌కి ఎవరొచ్చినా ఆయన ముందు ఆ అంకె చూపించేవారు. "గాజు మీద పూసిన ఈ ప్లాస్టిక్ పొరలో విద్యుత్తు ఎంత చురుగ్గా నడుస్తుందో చెప్పే అంకె ఇది. మా అమ్మాయి సాధించింది" అని తర్వాత నన్ను చూపించేవారు. నేను తల వంచుకుని, వినపడనట్టు నటిస్తూ, ఒక్క అక్షరం పోకుండా వినేదాన్ని.

ఇప్పుడక్కడ సున్నా పాయింట్ ఒకటి మూడు అని ఉంది. ఆరు రెట్లకు పైమాటే. చేసింది ఎవరయ్యా అంటే, తాబేలు.

ఆ పేరు నేను పెట్టిందే, పైకి ఎప్పుడూ అనలేదు. ల్యాబ్‌లో చేరి మూడు నెలలైన కొత్త పిల్ల. సీసా మూత తీయడానికి ఒక నిమిషం, పెట్టడానికి ఇంకో నిమిషం. గాజు పలకను పట్టకారుతో పట్టుకుందంటే పురిటి బిడ్డను ఎత్తుకున్నంత జాగ్రత్త. గాజు మీద నేను పది ఫిల్మ్‌లు వేసేలోపు మూడు వేస్తుంది. కొలవడం మొన్ననే మొదలుపెట్టింది. ఆలస్యం అమృతం విషం అని దానికి ఇంట్లో ఎవరూ చెప్పినట్టు లేదు. ఏమన్నా నవ్వుతుంది. నన్ను అక్కా అంటుంది.

సారు మార్కరు మూత పెడుతూ నావైపు తిరిగి, "చూశావా అమ్మా, నీ శిష్యురాలు!" అన్నారు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. అందరికంటే గట్టిగానే కొట్టాను. అరచేతులు ఇంకా మండుతున్నాయి.

ఫిబ్రవరి 4

మామూలుగా అడుగుతున్నట్టు అడిగాను.

"ఏం చేశావు అసలు?"

"మీరు చెప్పినట్టే చేశానక్కా."

"క్లోరోఫాంలోనే కరిగించావా?"

"ఆ. మీ పేరు రాసి ఉన్న సీసాలోంచే తీసుకున్నా. అడగకుండా తీశానని ఏమనుకోకండి."

"పలక తిప్పే స్పిన్నర్ వేగం?"

"మీరు పెట్టి ఉంచినదే. నేను ముట్టుకోలేదక్కా, ఏమన్నా పాడవుతుందేమోనని."

నా క్లోరోఫాం, నా వేగం, నా మెషీన్. అంకె మాత్రం దానిది.

ఫిబ్రవరి 5

పన్నెండు ఫిల్మ్‌లు వేశాను. పన్నెండూ సున్నా పాయింట్ సున్నా రెండు.

ఫిబ్రవరి 6

ఇంకో ఎనిమిది. అంతే.

ఫిబ్రవరి 8

ఆదివారం. భోజనాల దగ్గర మా ఆయనకు మొత్తం చెప్పాను. పాలిమర్ అంటే పొడుగాటి దారాలనీ, వాటిని ద్రావణిలో కరిగించి, గిరగిర తిరిగే గాజు పలక మీద చుక్కలుగా వేస్తామనీ, ద్రావణి ఆవిరైపోతే దారాలు పొరగా మిగులుతాయనీ, ఆ దారాలు పక్కపక్కన వరుసగా కుదురుకుంటే విద్యుత్తు హాయిగా నడిచిపోతుందనీ, చిక్కుపడితే అడుగడుక్కీ ఆగుతుందనీ చెప్పాను. పెళ్ళైన ఆరేళ్ళలో ఇది ఏడోసారి. ఆయన ప్రతిసారీ కొత్తగా విన్నట్టే వింటారు. ఆయన పని చెక్క బీరువాలకు పాలిష్ వేయడం. నేను ఆయన పని గురించి ఎన్నిసార్లు విన్నానో గుర్తులేదు.

"అయితే ఆ అమ్మాయి దారాలు కుదురుకున్నాయి, నీవి కుదురుకోలేదు, అంతేగా?" అన్నారు.

"అంతేగా అంటే ఎలాగండీ? ఎందుకు కుదురుకున్నాయన్నదే కదా బాధ!"

అత్తయ్య పళ్ళెం తీస్తూ, "ఎందుకు కుదురుకోలేదన్నది నీ బాధ. దాని బాధ నీకెందుకమ్మా? వారం నుంచి ఆ పిల్ల పేరెత్తకుండా ఒక్క పూటన్నా తిన్నావా నువ్వు?" అంది.

కందకు లేని దురద కత్తిపీటకెందుకో. నేను లేచి చేయి కడుక్కున్నాను.

ఫిబ్రవరి 9

అంకెలు కల్పించి ఉంటుంది. ఇంకేముంటుంది? మూడు నెలల పిల్ల, ఆరు నెలల పరీక్షాకాలం మీద వచ్చింది, ఏప్రిల్ చివరికి సారు ఉంచుతారో పంపుతారో తెలియదు. భయంతో ఎవరైనా చేస్తారు. పాపం అనిపించింది కూడా. సారుతో మెల్లగా ఎలా చెప్పాలో బస్సులో ఆలోచించుకుంటూ వచ్చాను.

ముందు నా కళ్ళతో చూద్దామని, అది కొలిచేటప్పుడు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "కూర్చోండక్కా, నాకూ ధైర్యంగా ఉంటుంది" అంది. కొత్త ఫిల్మ్. విద్యుత్తు కొలిచే రెండు సూదులు ఆనించింది. మైక్రోస్కోపులో చూసి, ఎత్తి, మళ్ళీ ఆనించింది. నేనైతే ఈపాటికి నాలుగు కొలిచేదాన్ని. తెర మీద గీత లేచింది. లేస్తూనే ఉంది. సున్నా పాయింట్ ఒకటి రెండు.

నా కళ్ళ ముందే వచ్చింది. కడుపులో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది. "బాగుంది" అన్నాను.

ఫిబ్రవరి 11

మార్చి ఆరున బయటి నుంచి పెద్దలు వస్తారు, ఏడాది పని అంతా వాళ్ళకు చూపించాలి. ఆ తర్వాత జర్నల్‌కి పేపర్ పంపుతారు. సారు నన్ను గదిలోకి పిలిచారు.

"మొదటి పేరు ఆ అమ్మాయిదే పెడదాం. ఫలితం తనది కదా. రెండో పేరు నీది. నేర్పింది నువ్వే."

"నాకు జూన్‌తో గడువు అయిపోతుంది సార్." 

"తెలుసమ్మా."

"మొదటి పేరుతో ఒక్క పేపరైనా లేకపోతే థీసిస్ తీసుకోరు సార్."

"తెలుసు" అన్నారు మళ్ళీ. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏం చేయమంటావు చెప్పు. చేసినవాళ్ళ పేరే కదా పెట్టాలి."

న్యాయంగానే మాట్లాడారు. నాకు ఆయన మీద కోపం లేదు. ఉంది.

ఫిబ్రవరి 14

సాయంత్రం మా ఆయన దుకాణానికి వెళ్ళాను. ఒక బీరువా తలుపు బల్ల మీద పరిచి పూత వేస్తున్నారు. పక్కన ఇంకో తలుపు గోడకు ఆనించి ఉంది, దాని మీద బూజు పట్టినట్టు తెల్లటి మచ్చలు.

"ఇదేమిటి, పాడైందా?"

"మొన్న తొందరలో వేసింది. తిన్నర్ మరీ వేగంగా ఆరిపోయే రకం. పూత కుదురుకునే లోపే గట్టిపడిపోయింది. మొత్తం గీకి మళ్ళీ వేయాలి."

"మరి ఇప్పుడు వేస్తున్నది?"

"అదే తిన్నర్. నెమ్మదిగా ఆరేది రెండు మూతలు కలిపాను." బ్రష్ ఆపకుండానే చెబుతున్నారు. "మొత్తం నెమ్మదిదే వేస్తే కారిపోతుంది, నిలబడదు. రెండు మూతలు చాలు. చివర్లో అది మిగిలుండి పూతకి కాస్త టైమిస్తుంది."

"ఇదెప్పుడూ చెప్పలేదే నాకు?"

"పదిసార్లు చెప్పానోయ్. నువ్వు నీ దారాల గురించి చెబుతూ ఉంటావు."

నేను అక్కడే నిలబడిపోయాను. ఆయన ఏమైందన్నారు. ఏమీ లేదన్నాను.

ఫిబ్రవరి 16

చేతి గడియారం పెట్టుకుని చూశాను. మా ద్రావణం నారింజ రంగులో ఉంటుంది, ఆరిపోయి పొర కాగానే ఊదారంగుకు మారుతుంది. నా ఫిల్మ్ ఏడు సెకన్లలో మారింది. తాబేలుది నలభై సెకన్ల తర్వాత కూడా అంచుల్లో నారింజగానే ఉంది. అదే క్లోరోఫాం అయితే అంతసేపు ఎందుకు పడుతుంది? మూడు నెలలుగా అది నా కళ్ళ ముందే జరుగుతోంది, పిల్లే నిదానం కదా అని దాని ఫిల్మ్ సంగతి పట్టించుకోలేదు.

అది భోజనానికి వెళ్ళగానే దాని సీసాలు తీసి వాసన చూశాను. ద్రావణం కలుపుకునే వేలెడంత గాజు సీసాలు, ఇరవై నాలుగు, టిష్యూ కాగితం మీద బోర్లించి ఉన్నాయి. కలరా ఉండల వాసన. ఆ వాసన మా ల్యాబ్‌లో ఒక్కదానికే ఉంది. డైక్లోరోబెంజీన్. పాత పాలిమర్ మరకలు పోవాలంటే దానితోనే కడగాలి. అది ఓ పట్టాన ఆరదు. అందుకే తర్వాత ఇట్టే ఆరిపోయే ఎసిటోన్‌తో తొలిచి, రాత్రంతా ఓవెన్‌లో పెట్టాలి.

ఈ రెండు మాటలూ ఎవరు నేర్పాలి దానికి? నేనే. చేరిన రోజు నేర్పుతూ, "మరకలు పోయేదాకా డైక్లోరోబెంజీన్‌తో తొలిచి బోర్లించు" అన్నాక అత్తయ్య ఫోన్ చేసింది. మాట్లాడి వచ్చేసరికి మిగతాది చెప్పడం మరిచిపోయాను. మూడు నెలలుగా అది సగం కడుగుడే కడుగుతోంది. సీసాలో అంటుకున్న రెండు చుక్కలు క్లోరోఫాంలో కలుస్తున్నాయి. క్లోరోఫాం ఎగిరిపోయాక ఆ రెండు చుక్కలు మిగిలి దారాలకు టైమిస్తున్నాయి. దానికి తెలియదు. సారుకి తెలియదు. పూర్తిగా డైక్లోరోబెంజీన్‌లోనే కరిగించి వేయాలని రెండేళ్ళ కింద చూశాం, గాజు మీద నిలవకుండా జారిపోయింది. అక్కడితో ఆ ఊసే వదిలేశాం. కొంచెం కలపడం ఎవరికీ తట్టలేదు.

ఈ నిమిషంలో ఈ సంగతి తెలిసింది నా ఒక్కదానికే.

అసలు నేను సరిగ్గా నేర్పి ఉంటే దానికీ సున్నా పాయింట్ సున్నా రెండే వచ్చేది. నా మరుపు వల్ల వచ్చిన ఫలితం ఎవరిది అవుతుంది?

రేపు చెబుతాను.

ఫిబ్రవరి 17

సారు ఊళ్ళో లేరు. ఆయన ఉన్నప్పుడు చెబితేనే బాగుంటుంది.

ఫిబ్రవరి 18

సారు వచ్చారు. హడావిడిలో ఉన్నారు.

ఫిబ్రవరి 19

తాబేలు ఐదింటికి వెళ్ళిపోయింది. దాని సీసాలన్నీ ఎసిటోన్‌తో తొలిచి ఓవెన్‌లో పెట్టాను. గాజు సామాను ఆరబెట్టకుండా వాడకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఎవరో ఒకరు పాటించాలి.

ఫిబ్రవరి 20

ఏడున్నరకే వెళ్ళాను. సీసాలు ఓవెన్‌లోంచి తీసి, చల్లారాక, మళ్ళీ టిష్యూ మీద బోర్లించాను, ఆరు వరసలు, వరసకు నాలుగు. వేడి గాజు ఓవెన్‌లో ఉందని తెలియక ఎవరైనా చేయి పెడితే కాలుతుంది.

మధ్యాహ్నం దాని ఫిల్మ్‌లు మూడూ సున్నా పాయింట్ సున్నా రెండు.

"విచిత్రంగా ఉందక్కా" అంది. "ఒక్కోరోజు అంతే" అన్నాను. సాయంత్రం మళ్ళీ సీసాలు ఓవెన్‌లో పెట్టాను. శనాదివారాలు అలాగే ఉంటాయి.

ఫిబ్రవరి 22

ఈ వారంలో మొదటిసారి కడుపునిండా తిన్నాను. అత్తయ్య కూడా గమనించింది. "ఇవాళ ఆ పిల్ల గుర్తు రాలేదా?" అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "నేనేం చేశాను?" అన్నాను. ఆమె నావైపు వింతగా చూసింది.

ఫిబ్రవరి 23

సున్నా పాయింట్ సున్నా రెండు. దానిది.

ఫిబ్రవరి 24

అదే. భోజనానికి కూడా వెళ్ళలేదు. తొమ్మిది ఫిల్మ్‌లు వేసింది. తాబేలు తొమ్మిది వేయడం ఇదే మొదలు. చేయి జారి ఒక పలక పగిలింది. గాజు ముక్కలు నేనే ఊడ్చాను. పాపం కదా.

ఫిబ్రవరి 25

సారు మా ఇద్దర్నీ పిలిచారు.

"నాలుగు రోజుల నుంచి రావడం లేదంటే, అప్పుడెలా వచ్చిందమ్మా?"

"తెలియదు సార్. వచ్చింది."

"తెలియదంటే కుదురుతుందా? పాత ఫిల్మ్‌లు ఏవి? మళ్ళీ కొలువు."

"కొలిచాను సార్. గాలి తగిలి పాడైపోయాయి."

"అంటే నీ దగ్గర ఇప్పుడు చూపించడానికి ఏమీ లేదు." గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచకపోతేనే మాకు భయం. నావైపు తిరిగారు. "నువ్వు ఒకరోజు పక్కన కూర్చున్నావట కదా. నువ్వు చెప్పమ్మా. నిజంగా వచ్చిందా?"

తాబేలు నావైపు చూసింది. దాని మొహంలో ఎంత నిశ్చింత! అక్క ఉంది, చెబుతుంది అన్నట్టు.

"గీత లేవడం చూశాను సార్. కానీ సూదులు సరిగ్గా ఆనకపోతే ఒక్కోసారి తప్పు చూపిస్తుంది" అన్నాను.

అది అబద్ధం కాదు. ఒక్కోసారి చూపిస్తుంది.

సారు లేచి వచ్చి బోర్డు మీద అంకె చెరిపేశారు. నాది తిరిగి రాస్తారనుకున్నాను. రాయలేదు. "ఏప్రిల్ లోపు నువ్వూ ఆలోచించుకోమ్మా, ఈ పని నీకు పడుతుందో లేదో" అని దానితో అన్నారు.

సాయంత్రం సీసాలు. ఐదోసారి.

ఫిబ్రవరి 26

పొద్దున్నే నా బల్ల దగ్గరికి వచ్చింది. నిన్న సూదుల మాట అన్నందుకు నిలదీస్తుందనుకుని, జవాబు సిద్ధం చేసుకునే కూర్చున్నాను.

"అక్కా, మీరన్నట్టు సూదులే తప్పేమో. నాకు ఆనించడం సరిగ్గా రాదేమో. ఇవాళ ఒక్కరోజు పక్కన ఉండి చూస్తారా?"

రోజంతా ఉన్నాను. దానికి సూదులు ఆనించడం నాకంటే బాగా వచ్చు. ఇది ఇక్కడ కాబట్టి రాస్తున్నాను. డబ్బాలో తెచ్చుకున్నది సగం నా డబ్బా మూతలో పెట్టింది. తింటూ ఉండగా అడిగింది.

"ఆ రోజు మీరు చూశారు కదక్కా. నిజంగానే వచ్చింది కదా? నాకిప్పుడు నా మీదే అనుమానంగా ఉంది. కల గన్నానా అనిపిస్తోంది."

గదిలో మేమిద్దరమే ఉన్నాం.

"వచ్చింది" అన్నాను.

"అది చాలక్కా" అంది. కళ్ళలో నీళ్ళు పెట్టుకుని నవ్వింది.

అది వెళ్ళాక సీసాలు ఓవెన్‌లో పెట్టాను. ఆరోసారి. ఎందుకు పెట్టానో తెలియదు. ఈ వాక్యం కొట్టేయాలి. తెలుసు.

ఫిబ్రవరి 27

తాబేలు సెలవు. ఇంటికి వెళ్ళిందట.

నేను క్లోరోఫాంలో డైక్లోరోబెంజీన్ సిరంజితో కొలిచి కలిపాను. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది శాతం. ఎనిమిదికి పొర అతుకులు పడింది. నాలుగుకు సున్నా పాయింట్ ఒకటి ఐదు. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ వచ్చింది. చుక్కల లెక్క కాదు, గాలివాటం కాదు, ఎవరు ఎక్కడ వేసినా వచ్చే నాలుగు శాతం. ఇది మాత్రం నాదే. ఇందులో ఎవరికీ వాటా లేదు.

మార్చి 2

సారుకి చూపించాను. కాగితాలు రెండుసార్లు తిరగేశారు. తర్వాత, "ఆలోచన ఎలా వచ్చిందమ్మా?" అన్నారు.

"మా ఆయన దుకాణంలో సార్. పాలిష్‌లో నెమ్మదిగా ఆరే తిన్నర్ కొంచెం కలుపుతారు. అది చూసి తట్టింది."

నిజమే చెప్పాను. చెప్పినంత మేరకు నిజమే. సారు పగలబడి నవ్వి, బోర్డు మీద సున్నా పాయింట్ ఒకటి ఐదు అని రాశారు. కింద గీత గీశారు. మొదటి పేరు నీదేనన్నారు. జూన్ గురించి బెంగ పెట్టుకోవద్దన్నారు.

ఇంట్లో చెబితే మా ఆయన, "అయితే నా పేరు ఎన్నోది?" అని నవ్వించారు. అందరం నవ్వుకున్నాం. నాకు నిద్ర పట్టాలి ఇవాళ.

మార్చి 3

నిన్న తాబేలు రాలేదు. ఈరోజు వచ్చి బోర్డు చూసింది. నా దగ్గరికి వచ్చి, ఏం కలిపారక్కా అని అడిగింది. చెప్పాను. నిలబడి ఆలోచించింది, దాని పద్ధతిలోనే, నిదానంగా. తర్వాత వెళ్ళి తన సీసా ఒకటి రోజూ కడిగేట్టే కడిగి తెచ్చి, అచ్చం నేను చూసినట్టే వాసన చూసింది.

"అక్కా! నా సీసాల్లో మిగిలేది ఇదే!"

నేను వారాలు కొట్టుకుంటే గానీ తెలియనిది, అది నాలుగు నిమిషాల్లో పట్టేసింది.

"అంటే అప్పుడు నిజంగానే వచ్చిందక్కా. నేను అబద్ధమాడలేదు. సూదులు కూడా తప్పు కాదు!" నా చేతులు రెండూ పట్టుకుంది. "మరి మధ్యలో ఎందుకు పోయింది? కడగడం నేనేమీ మార్చలేదే." తనే ఆలోచించి, తనే జవాబు చెప్పుకుంది. "ఎండలు మొదలయ్యాయి కదా, తొందరగా ఆరిపోయి ఉంటాయి. అంతేనా అక్కా?"

తల ఊపితే సరిపోయేది. అది నా కోసం అబద్ధం కూడా తయారుచేసి చేతిలో పెట్టింది.

"మీరు లేకపోతే నేను జీవితాంతం దొంగలాగే ఉండిపోయేదాన్ని. మీ పేరు మొదట ఉండడమే సరైనదక్కా. నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను" అంది.

అసూయ లేదు. వెతికాను, ఆ మొహంలో ఎక్కడా రవ్వంత లేదు. మొదటి పేరు పోయింది, బోర్డు మీద నా అంకె ఉంది, అయినా అది ఆనందంగా ఉంది. అన్నీ నాకు దక్కాక కూడా నాకు లేని ఆనందం దానికి ఉంది. దాన్ని చూడలేకపోయాను. నిజాయితీ పుట్టుకొచ్చి చెప్పానని ఎప్పుడైనా అనుకుంటానేమో, అందుకని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. ఆ నవ్వు ఆగిపోవాలని చెప్పాను.

"ఎండలు కాదు. నేను" అన్నాను. "నువ్వు వెళ్ళాక రోజూ నీ సీసాలు ఓవెన్‌లో పెట్టేదాన్ని."

నవ్వు ఆగింది.

"ఎప్పటి నుంచి?"

"పంతొమ్మిది నుంచి. ఆరుసార్లు."

"తెలిసేనా?"

"తెలిసే."

చేతిలోని సీసా బల్ల మీద పెట్టింది. మూత పెట్టింది. నా చేతులు ఎప్పుడు వదిలిందో నాకు తెలియలేదు.

"శుక్రవారం ఇంటికి వెళ్ళి నాన్నతో చెప్పేశాను, ఈ పని నాకు చేతకాదు, ఏప్రిల్‌లో వచ్చేస్తానని. ఆయన లేచి, నా పుస్తకాలు పెట్టుకోవడానికి అలమర ఖాళీ చేయడం మొదలుపెట్టారు" అంది. తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

మార్చి 4

సారు పిలుస్తారని పొద్దున్నుంచి ఎదురుచూశాను. పిలవలేదు. ఆ అమ్మాయి చెప్పలేదు. తన బల్ల దగ్గర తన పని చేసుకుంది. తిట్టినా బాగుండును. నాలుగింటికి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"నిన్న నాకు చెప్పింది మీ ల్యాబ్ నోట్‌బుక్‌లో రాయండి" అంది.

"సారుకి నువ్వే చెప్పొచ్చు కదా. నేను కాదనను."

"నేను చెబితే అది నా మాట. మీ మాట ముందు నా మాట ఎంత నిలబడుతుందో ఆ రోజు చూశాను. మీరు రాస్తే అది రికార్డు."

మార్చి 5

ల్యాబ్ నోట్‌బుక్ ఈ డైరీలాంటిది కాదు. పేజీలకు అచ్చులో నంబర్లు ఉంటాయి, చింపడానికి లేదు. పెన్నుతోనే రాయాలి, కొట్టేస్తే కొట్టేసినది కనిపించాలి. ఎందుకు చేశామో అక్కర్లేదు, ఏం చేశామో రాయాలి. అదే నయమనిపించింది. ఈ డైరీ పక్కన పెట్టుకుని తేదీలు చూసి రాశాను.

ఫిబ్రవరి 16: ఆమె సీసాల్లో డైక్లోరోబెంజీన్ మిగులుతోందని కనుక్కున్నాను. ఎవరికీ చెప్పలేదు. 19, 20, 23, 24, 25, 26: ఆమెకు తెలియకుండా ఆ సీసాలు ఆరబెట్టి, పొద్దున్నే యథాస్థానంలో పెట్టాను. ఆమె ఫలితం అందువల్లే పడిపోయింది. మొదటి ఫలితం ఫిబ్రవరి 3న ఆమెకు వచ్చింది. నాలుగు శాతం కొలిచింది నేను. మొదటి పేరు ఆమెది.

ఆ చివరి వాక్యం దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. సంతకం చేశాను. పేజీ అడుగున ఇంకో గీత ఉంటుంది, "చదివి చూసినవారు" అని. రెండో సంతకం లేని పేజీ సారు ముట్టుకోరు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. నోట్‌బుక్ తీసుకుని ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాను.

నిదానంగా చదివింది. చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"ఇరవై ఐదున సార్ ముందు సూదుల గురించి అన్నది లేదు" అంది.

కుర్చీ లాక్కుని అక్కడే రాశాను. ఫిబ్రవరి 25: కొలత సరైనదని తెలిసి కూడా తప్పు కావచ్చని సారుతో అన్నాను. మళ్ళీ సంతకం చేశాను. అప్పుడు పెన్ను తీసుకుంది.

సారు చదువుతున్నంతసేపూ నేను నిలబడే ఉన్నాను. ఆయన కూర్చోమనలేదు. "రేపు పెద్దల ముందు ఆ అమ్మాయి మాట్లాడుతుంది. పేపర్ మీద మొదటి పేరు తనది. నీ పేరు ఉండాలా వద్దా అన్నది తననే అడుగుతాను" అన్నారు. నోట్‌బుక్ మూసి, "జూన్ లోపు నీకు ఇంకో పని కావాలి. దొరుకుతుందో లేదో నేను చెప్పలేను. నీ సీసాలు నువ్వే కడుక్కో. ఇంకెవరివీ తాకకు" అన్నారు. వచ్చేశాను.

నా బల్ల దగ్గర కూర్చుని ఆ పేజీ తెరిచాను. పైన నా రాత, హడావిడిగా, వాలిపోయి, సగం అక్షరాలు మింగేసి ఉంది. అడుగున ఆమె సంతకం, పక్కన తేదీ. ఒక్కో అక్షరం విడివిడిగా, గుండ్రంగా, ముత్యాలు పేర్చినట్టు ఉంది. దస్తూరీ కూడా నాకంటే బాగుంది. చూడగానే కడుపు మండింది.